ప్రార్థన భాషలో వెలివాడ

నెల్లూరు తీరంలో బకింగ్‌హామ్ కాలువకు కూతవేటు దూరంలో ఉన్న అరుంధతివాడ మాది. రెండేళ్ల క్రితం మా పెద్దమ్మ చనిపోయినప్పుడు, భూస్థాపన జరిగిన మూడో నాడు ఇంటి ముందు పందిరి వేసి ఆదరణ కూడిక పెట్టారు. పాస్టరుగారి చేతిలో కుటుంబ సభ్యుల పేర్లు రాసిన చీటీ ఉంది. కుమారులంటూ ఇద్దరి పేర్లు, కుమార్తె అంటూ ఒకరి పేరు చదివి, వారికి ఆదరణ కలుగజేయమని ఆయన దేవుణ్ని వేడుకున్నారు. పందిరి చివర గుంజకు ఆనుకొని కూర్చున్న నాలుగో సంతానం పేరు మాత్రం చదవలేదు. పదిహేడో ఏట మగపిల్లవాడిగా ఇల్లు విడిచి, పాతికేళ్ల తరువాత చీర కట్టుకొని తల్లి కడసారి చూపుకు వచ్చిన మనిషి ఆమె. చీటీలో ఆమె పాత పేరు ఉంది. ఆ పేరు దగ్గర పాస్టరుగారు ఒక్క క్షణం ఆగారు. కుమారుడనాలో కుమార్తె అనాలో తేల్చుకోలేక దాటిపోయారు.

ఆయన చెడ్డ మనిషి కాదు. ఆమెను పందిరిలోంచి లేచి పొమ్మనలేదు. ప్రసంగంలో సొదొమ గొమొఱ్ఱాల ఊసు ఎత్తలేదు. ఆయనకు మాట దొరకలేదు, అంతే. ఆమేన్ అన్న తరువాత, డెబ్బై ఏళ్లు దాటిన మా మేనత్త కూర్చున్న చోటనే కళ్లు మూసుకొని పెద్దగా ప్రార్థన అందుకుంది. ‘నీ బిడ్డ ఇంటికొచ్చుండాది తండ్రీ. వాళ్లమ్మ లేని ఇంటికొచ్చుండాది. ఆ కన్నీళ్లు నువ్వే తుడువు’ అంది. మూడు రోజులుగా బిగబట్టుకొని కూర్చున్న మనిషి అప్పుడు గొంతెత్తి ఏడ్చింది.

వేదాంత కళాశాలలో చదువుకున్న వ్యక్తికి దొరకని మాట, బడి ముఖం చూడని మా అత్తకు ఎలా దొరికింది? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. దళిత క్రైస్తవ కుటుంబంలో పుట్టి, ఇరవై ఏళ్లుగా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న నాకు, ప్రార్థనలో లింగభేదం గురించి జరిగే చర్చలు కొత్త కావు. అవి ఎక్కువగా ఇంగ్లీషులో నడిచాయి. 1983లో అమెరికా చర్చిల జాతీయ మండలి స్త్రీపురుషులిద్దరినీ కలుపుకొనే భాషలో ఆరాధన పఠనాలను వెలువరించింది. 2023లో ఇంగ్లండు చర్చి దేవుణ్ని గురించి వాడే పురుష వాచకాలపై పరిశీలన చేపడతామని ప్రకటించినప్పుడు పెద్ద దుమారమే రేగింది. ఆ చర్చను యథాతథంగా తెచ్చి మన సంఘాల ముందు పెడితే, ఇది మనది కాదని తోసిపుచ్చటం ఎవరికైనా సులువు. కాబట్టి తెలుగు నుంచే, కులం నుంచే మొదలు పెట్టాలి.

తెలుగు వ్యాకరణం పురుషుణ్ని ‘మహత్తు’ అంటుంది. మహత్తు అంటే గొప్పది. జంతువులు, వస్తువులు ‘అమహత్తులు’. స్త్రీని తెలిపే మాట ఏకవచనంలో అమహత్తుతో నడుస్తుంది, బహువచనంలో మహత్తుతో కలుస్తుంది. అందుకే అతడు వచ్చాడు, ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బండి వచ్చింది. స్త్రీలు నలుగురైతే వచ్చారు, ఆవులు నాలుగైతే వచ్చాయి. చిన్నయసూరి బాలవ్యాకరణం సూత్రీకరించిన ఈ వ్యవస్థను ఆయన కనిపెట్టలేదు, భాషలో ఉన్నదాన్నే నమోదు చేశాడు. తెలుగులో స్త్రీ ఒంటరిగా ఉంటే గొడ్డూగోదాతో, పదిమందిలో ఉంటే మనుషులతో జమ అవుతుంది.

ఈ వ్యాకరణం మీద కులం మరో నిచ్చెన వేసింది. వాడు, అతడు, ఆయన, వారు. అది, ఆమె, ఆవిడ, వారు. ఈ మెట్లలో ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో వయసు కంటే ముందు కులమే నిర్ణయించింది. భూస్వామి ఇంటి పదేళ్ల పిల్లవాడు అరవై ఏళ్ల మా తాతను ‘ఒరే’ అని పిలిచేవాడు. మా నాయనమ్మ ఆ ఇంట్లో ‘అది’. ‘అది వచ్చిందా, దాన్ని పేడ ఎత్తమను’ అన్న మాటలో మనిషికీ వస్తువుకూ మధ్య వ్యాకరణం కూడా అడ్డు రాలేదు. దళిత స్త్రీ మీద లింగమూ కులమూ రెండు వేర్వేరు బరువులని పుస్తకాలలో చదువుకుంటాం. తెలుగులో ఆ రెండూ ఒకే సర్వనామంలో ఇమిడిపోయాయి.

ఈ నేపథ్యంలో చూస్తేనే నెల్లూరు తీరంలో క్రైస్తవ ప్రార్థన తెచ్చిన మార్పు ఎంతటిదో అర్థమవుతుంది. 1840లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే నెల్లూరులో మిషన్ నెలకొల్పాడు. పాతికేళ్ల పాటు ఫలితం నామమాత్రమే. 1854 జనవరి 1న తెల్లవారుజామున, అప్పటికి నెల్లూరు జిల్లాలో భాగమైన ఒంగోలులో ఒక కొండ మీద ఐదుగురు కూడి ప్రార్థన చేశారు. మిషనరీ లైమన్ జ్యూవెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే తెలుగు బోధకుడు, నెల్లూరు నుంచి వచ్చిన జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. ఆ ఐదుగురిలో ముగ్గురు స్త్రీలే. తెలుగు బాప్టిస్టుల చరిత్ర ఆ ఉదయాన్ని తన మలుపుగా చెప్పుకుంటుంది. ఆ కొండకు ప్రార్థన కొండ అనే పేరు నిలిచింది. కానీ ఆ కథలో మిషనరీ పేరు వినిపించినంతగా జూలియా, రూతుల పేర్లు మన పీఠాల మీద నుంచి వినిపించవు.

1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం పొందటంతో ఉద్యమం ఊళ్లకు పాకింది. 1876-78 కరువులో జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు పనిని కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి చూపించాడు. కరువు కూలి కోసం మతం మారారన్న నింద రాకూడదని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఎక్కువమంది మాదిగలు. నేను పుట్టిన వాడ పక్కన పారే కాలువకు, మా ఇంటిలో వినిపించే ప్రార్థనకు మూలం ఒకే కరువు.

ఆ జనం గుడిసెలలో కొత్తగా వినిపించిన మాట ‘నీవు’. భూస్వామి ముందు తలెత్తి ‘నువ్వు’ అనలేని మనిషి, ఆకాశాన్నీ భూమినీ సృష్టించినవాడని నమ్మిన దేవుణ్ని ‘నీవు’ అని పిలిచాడు. దేవుడికి నీవు, దొరకు మీరు. ఈ తలకిందుల మర్యాదలో ఉన్న తిరుగుబాటును మనం సరిగా గుర్తించలేదు. ‘అది’ అనిపించుకున్న స్త్రీ సంఘంలో ‘సహోదరి’ అయింది. మరియమ్మ, మార్తమ్మ, సువార్తమ్మ అని గౌరవవాచకంతో ముగిసే పేరు పెట్టుకుంది. 1985 జూలైలో కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర అగ్రకుల యువకుల దాష్టీకానికి ఎదురు నిలిచిన దళిత స్త్రీ పేరు మున్నంగి సువార్త. ఆ మరునాడు, జూలై 17న, ఆరుగురు దళితులను హతమార్చారు. దళిత మహాసభ ఉద్యమం ఆ నెత్తుటి నుంచి పుట్టింది. ఆ పేరు, ఆ ధైర్యం ఒక్కరోజులో వచ్చినవి కావు. తరతరాల ప్రార్థనలో తమను తాము మనుషులుగా పిలుచుకున్నవారి నుంచి వచ్చాయి.

అయితే ఆ పిలుపు ఎక్కడ ఆగిపోయిందన్నదే నా ప్రశ్న.

తెలుగులో ఉత్తమ పురుషకు, మధ్యమ పురుషకు లింగం లేదు. హిందీలో ‘నేను వస్తున్నాను’ అనాలంటే మాట్లాడేది స్త్రీయో పురుషుడో క్రియ చెప్పేస్తుంది. తెలుగులో చెప్పదు. నేను ఏడ్చాను, నీవు విన్నావు. ఈ రెండు వాక్యాలలో ప్రార్థించేవారు ఎవరో, వినేవారు ఎవరో లింగం అడగనవసరం లేదు. మనిషి ఒంటరిగా మోకరించి చేసే తెలుగు ప్రార్థన స్వభావరీత్యానే అందరినీ కలుపుకొనేది. మా పెద్దమ్మ బిడ్డ పాతికేళ్లు ఏ ఊళ్లో ఉన్నా, రాత్రిపూట దేవుడితో ‘నేను’, ‘నీవు’ అని మాట్లాడుకున్నప్పుడు భాష ఆమెను అడ్డుకోలేదు.

అడ్డు ఎక్కడ వచ్చిందంటే, ఇతరులు ఆమె కోసం ప్రార్థించవలసి వచ్చినప్పుడు. విజ్ఞాపన ప్రథమ పురుషలో సాగుతుంది. ఈ సహోదరుణ్ని దీవించు, ఈ సహోదరిని స్వస్థపరచు. ఇక్కడ లింగం చెప్పక తప్పదు. సంఘం పెద్దలు ఎవరిని ఏ వరుసలో పెడతారో ఇక్కడ బయటపడుతుంది. స్తుతిలోనూ అంతే. ‘నన్ను కాపాడు’ అన్నప్పుడు రాని ‘డు’, ‘పరిశుద్ధుడవు’, ‘గొప్పవాడవు’ అనగానే వచ్చి చేరుతుంది. హీబ్రూలో ఆత్మను తెలిపే ‘రూఅహ్’ సాధారణంగా స్త్రీలింగం, గ్రీకులో ‘న్యూమా’ నపుంసక లింగం. మన ‘ఆత్మ’ అమహత్తు. అయినా ప్రసంగ పీఠం మీద ఆ మాటకు ‘డు’ తగిలించి ‘పరిశుద్ధాత్ముడు’ చేసుకున్నాం. దేవుడికి లింగం లేదని వేదాంత పాఠంలో చెబుతాం, వాక్యం చివర ప్రత్యయంతో ఆ పాఠాన్ని కొట్టేస్తాం.

దీనికి పరిష్కారం ‘తండ్రీ’ అన్న పిలుపును తీసేయడమని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఈ విషయంలో నాకు పాఠం చెప్పింది మా నాయనమ్మే. దళితుడి చేతిలో ఏ అధికారమూ లేని రోజుల్లో, ఊరికి రెడ్డి ‘తండ్రి’గా చలామణీ అయిన రోజుల్లో, పరలోకంలో వేరే తండ్రి ఉన్నాడన్న మాట ఊరి తండ్రిని పదవి నుంచి దించింది. అమెరికా వేదాంతి వాల్టర్ రౌషెన్‌బుష్ ఇదే సంగతిని మరోలా చెప్పాడు. యేసు దేవుణ్ని తండ్రి అని పిలవడంతో దేవుడి భావన నిరంకుశ రాజు నుంచి ప్రజాస్వామ్యం వైపు జరిగిందని అతని వాదన. 1910లో అతను వెలువరించిన ప్రార్థనల పుస్తకంలో కష్టజీవులైన స్త్రీల కోసం, పనిచేసే పసిపిల్లల కోసం ప్రత్యేక ప్రార్థనలున్నాయి. అతని అక్క ఎమ్మా రౌషెన్‌బుష్ ఒంగోలులో మిషనరీగా పనిచేసి, క్లౌను వివాహమాడింది. ఆమె ఐరోపాలో డాక్టరేట్ కోసం చేసిన పరిశోధన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీల హక్కుల రచన మీద. 1899లో మాదిగల జీవితం మీద ఆమె పుస్తకం అచ్చయింది. స్త్రీ హక్కుల పరిశోధకురాలు చెప్పులు కుట్టేవారి గుడిసెల ముందు కూర్చొని కథలు రాసుకున్న చరిత్ర మన తీరానికి ఉంది. ఈ చర్చ ఇక్కడికి నిన్ననో మొన్ననో దిగుమతి కాలేదు.

ఎమ్మా రాసినవాటిలో మాతంగి ప్రస్తావన ఉంది. మాదిగలలో దేవత పూనిన స్త్రీ మాతంగి. జాతర నాడు ఆమె అగ్రకులాల వారి మీద కల్లు పుక్కిలించి ఉమ్మేది, వారిని తిట్టేది, వారు తలవంచి భరించేవారు. అంటే మతం మారక ముందు మా వాడలో దైవానికి స్త్రీ రూపం ఉంది, స్త్రీ పూజారి ఉంది. దేవత పిలుపే ‘అమ్మా’. మతం మారిన తరువాత అమ్మ పోయి తండ్రి వచ్చాడు. కొందరు మిత్రులు దీన్ని నష్టంగా మాత్రమే చూస్తారు. కానీ దేవత పేరుతో స్త్రీ శరీరాన్ని ఊరి సొత్తు చేసిన జోగిని, మాతమ్మ ఆచారాలు కూడా ఆ చుట్టుపక్కలవే. వాటిని నిషేధించడానికి 1988లో చట్టమే కావలసి వచ్చింది. జాతర నాటి గౌరవం మరునాడు ఉదయానికి మిగలలేదు. మా నాయనమ్మ వంటివారు అమ్మను విడిచి తండ్రి దగ్గరకు వచ్చింది తెలియక కాదు.

కాబట్టి తండ్రిని తొలగించడం కాదు, తండ్రిని ఒంటరిగా వదలకపోవడం నా ప్రతిపాదన. దానికి బైబిలు బయటకు పోనక్కరలేదు. యెషయా గ్రంథంలో దేవుడు తనను బిడ్డను ఓదార్చే తల్లితో పోల్చుకున్నాడు, చంటిబిడ్డను మరవని తల్లి కంటే తాను మిన్న అన్నాడు. యేసు తనను పిల్లలను రెక్కల కింద చేర్చుకొనే కోడితో పోల్చుకున్నాడు. పోయిన నాణెం కోసం దీపం వెలిగించి ఇల్లు ఊడ్చే స్త్రీ, లూకా సువార్తలో దేవుడి వెతుకులాటకు ఉపమానం. ఆ పక్కనే ఉన్న తప్పిపోయిన కుమారుని ఉపమానం మీద వందల ప్రసంగాలు విన్నాను. ఊడ్చే స్త్రీ మీద విన్నవి వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఆ కుమారుని ఉపమానాన్ని ఎం.ఎం. వినోదిని దళిత క్రైస్తవ కుమార్తె కథగా తిరిగి రాశారు. పీఠాలు చేయని వ్యాఖ్యానాన్ని తెలుగు కథ చేసింది. ఇక పల్లె ప్రార్థనల్లో దేవుణ్ని తల్లివని, తండ్రివని ఒకే ఊపిరిలో పిలవటం కొత్తేమీ కాదు. పీఠం ఎక్కేసరికే ఆ సగం మాట మింగేస్తున్నాం.

స్త్రీల విషయంలో మాట మింగేస్తే, లైంగికత విషయంలో మాటే ఆయుధమవుతోంది. కొన్నేళ్ల క్రితం ఒక విద్యార్థి నా గదికి వచ్చి గంటసేపు కూర్చున్నాడు. తనకు స్త్రీల మీద ఆకర్షణ లేదని ఇంట్లో తెలిసిన వారానికి, తల్లిదండ్రులు అతణ్ని మూడు రోజుల ఉపవాస ప్రార్థనకు తీసుకుపోయారు. తల మీద చేతులు పెట్టి విడుదల ప్రార్థన చేశారు. ‘మేడమ్, మూడు రోజులూ నాతో ఎవరూ మాట్లాడలేదు, నాలో ఉన్నదానితో మాట్లాడారు’ అన్నాడు. వీడిలో ఉన్నది బయటకు పో, అది వీణ్ని విడిచిపెట్టు. ఆ కుర్రవాడు చెబుతుంటే నాకు మా నాయనమ్మను పిలిచిన ‘అది’ గుర్తొచ్చింది. మనిషిని మనిషి కాకుండా చేయడానికి తెలుగులో ఆ ఒక్క సర్వనామం చాలు. దాన్ని మన మీద ప్రయోగించినవారిని మనం క్షమించలేదు. మన పిల్లల మీద మనమే ప్రయోగిస్తున్నాం.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు సెక్షన్ 377 పరిధి నుంచి వయోజనుల పరస్పర సమ్మత సంబంధాలను తొలగించింది. లైంగికతను ‘మార్చే’ చికిత్స వైద్యుడు చేస్తే అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని, మద్రాసు హైకోర్టు ఆదేశాల తరువాత, జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది. డాక్టరు చేయకూడనిది పాస్టరు చేయవచ్చా? దేశంలోని వేదాంతులు కొందరు, జాతీయ క్రైస్తవ మండలి లైంగిక వైవిధ్యాల మీద ఏర్పాటు చేసిన వేదిక ఈ ప్రశ్న వేస్తూనే ఉన్నారు. తమిళనాడులో భారతి అనే ట్రాన్స్‌జెండర్ స్త్రీ పాస్టరుగా అభిషేకం పొంది సంఘాన్ని నడిపారు. మన తీరంలో మాత్రం ఈ ప్రశ్న ఆదరణ కూడికల చీటీల దగ్గరే ఆగిపోతోంది.

ఇక్కడ కొందరు దళిత ఉద్యమ మిత్రులకు నాతో పేచీ ఉంటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చిన హోదా మనకు రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మనం బీసీ-సి. బాప్తిస్మపు పేరు ఒకటి, బడి రిజిస్టరులో పేరు మరొకటి పెట్టుకొని రెండు బతుకులు బతుకుతున్నాం. ఈ పోరాటం తేలకుండా లింగం, లైంగికత అంటూ కొత్త తగువులెందుకని వారి ప్రశ్న. నిజానికి రెండు పేర్ల బతుకు ఎంత నరకమో మన కంటే ఎవరికి తెలుసు? చీటీలో ఒక పేరు, ఒంటి మీద మరో పేరు మోసే మా పెద్దమ్మ బిడ్డ బాధ మనకు అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది? 2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడినవారిగా పరిగణించి రిజర్వేషన్లు కల్పించమంది. అలా బీసీలలో చేరిస్తే దళిత ట్రాన్స్‌జెండర్లు ఎస్సీ హోదా వదులుకోవాలా అని తమిళనాడుకు చెందిన గ్రేస్ బాను వంటి దళిత ట్రాన్స్ ఉద్యమకారులు నిలదీశారు. ప్రతి కులంలోనూ సమాంతర రిజర్వేషన్ కావాలన్నారు. ఆ నిలదీత కుల ప్రశ్న లోపలి నుంచే వచ్చింది. నిజాం కాలపు నపుంసకుల చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఒక సమూహాన్నంతటినీ నేరస్థులుగా రిజిస్టరులో ఎక్కించే చట్టం అది. ఆ తరహా జాబితాల చరిత్ర నేరస్థ తెగల చట్టం చవిచూసిన నెల్లూరు ఎరుకలకు, యానాదులకు కొత్తది కాదు.

మరో అభ్యంతరం, ఇది వాక్యాన్ని మార్చటమని. నేను బైబిలులో ఒక్క అక్షరం మార్చమనటం లేదు. అపొస్తలుల కార్యములలో ఫిలిప్పు రథమెక్కి వాక్యం విప్పి చెప్పింది ఐతియొపీయుడైన నపుంసకుడికి. నాకు బాప్తిస్మం ఇవ్వడానికి ఆటంకమేమిటని అతను అడిగిన ప్రశ్నకు ఫిలిప్పు దగ్గర ఆటంకం ఏదీ లేకపోయింది. నల్లజాతివాడు, పరదేశి, లింగం చేత వెలి అయినవాడు. ముగ్గురూ ఒక్క మనిషే. మన పీఠాల మీద ‘నపుంసకుడు’ అన్న మాటను తిట్టుగా వాడే బోధకులు ఆ అధ్యాయాన్ని ఒకసారి తిరిగి చదవాలి.

చేయవలసినవి పెద్ద పనులు కావు. తెలుగు బాప్టిస్టులకు, పెంతెకొస్తు సంఘాలకు అచ్చు వేసిన ప్రార్థన పుస్తకం లేదు. ప్రార్థన అప్పటికప్పుడు నోటి నుంచి వచ్చేది. కాబట్టి ఏ సినడు తీర్మానం కోసమూ ఆగనక్కరలేదు. ఓట్లడిగే రాజకీయ నాయకుడు సైతం ‘సోదరీ సోదరులారా’ అనక తప్పని రోజుల్లో, సభలో ముప్పాతిక వంతు స్త్రీలే కూర్చున్న సంఘంలో ‘సహోదరులారా’ అని మొదలు పెట్టడం మానాలి. పాస్టరు భార్య ‘అమ్మగారు వచ్చారు’ అయినప్పుడు, చేపల గంప దించి కూడికకు వచ్చిన మార్తమ్మ కూడా ‘వచ్చారు’ కావాలి. విజ్ఞాపనకు ముందు ఆ మనిషినే అడగాలి, అమ్మా, నీ పేరేమని ప్రార్థించమంటావు అని. ఆ పేరే పలకాలి. విడుదల ప్రార్థన పేరుతో పిల్లలను హింసించటం ఆపాలి. దక్షిణ ఇండియా సంఘం 2013లో ఎగ్గోని పుష్పలలితను నంద్యాల బిషప్పుగా అభిషేకించి ఒక తెలుగు స్త్రీకి పీఠం ఇచ్చింది. ఊళ్లలో ఆదివారపు మైకు ఇంకా పురుషుల చేతుల్లోనే ఉంది. ప్రార్థన భాష మారాలంటే ప్రార్థించే గొంతులు మారాలి.

మా మేనత్త వాడిన మాట దగ్గరకు తిరిగి వస్తాను. తెలంగాణలో బిడ్డ అంటే తరచుగా కూతురు. మా తీరంలో కొడుకైనా కూతురైనా బిడ్డే. బిడ్డ వచ్చింది, బిడ్డ ఏడ్చింది. ఆ క్రియ అమహత్తుదే. మా నాయనమ్మను వస్తువుల సరసన నిలబెట్టిన ఆ వ్యాకరణమే, మా అత్త నోట ఎవరినీ లింగం అడగని ఆదరణ అయింది. వ్యాకరణంలో తప్పు లేదు, దాన్ని ఎవరు ఎవరి మీద వాడుతున్నారన్నదే విషయం. దేవుని బిడ్డలన్న మాట ప్రతి ఆదివారం మన సంఘాలలో వంద సార్లు వినిపిస్తుంది. ఆ మాటలో కుమారులు, కుమార్తెలు పోగా మిగిలేవారికి కూడా చోటు ఉంది. దాన్ని ఉన్నది ఉన్నట్టుగా నమ్మితే చాలు.

ఆ సాయంత్రం పందిరి విప్పుతుండగా పాస్టరుగారు మా అత్త దగ్గరకు వచ్చి నిలబడ్డారు. ‘ఏం పిలవాలో తెలియలేదమ్మా’ అన్నారు. ‘తెలవకపోతే అడగొచ్చు గదయ్యా, మనిషి అక్కడే కూసోనుండె’ అంది అత్త. పెద్దమ్మ సంవత్సరీకపు కూడికలో ఆయన చీటీ చూడకుండానే నలుగురి పేర్లూ చెప్పి ప్రార్థించారు. నాలుగో పేరు ఆమె పెట్టుకున్నదే.